గోదావరి అడవుల్లో నిప్పు: ఆచారం నుంచి నేరం దాకా

తెలంగాణలోని సెంటినరీ కాలనీ దాటి మంథని, మహాదేవపూర్ వైపు గోదావరి వెంట సాగేవి టేకు, మద్ది, ఇప్ప చెట్లున్న ఆకురాల్చే అడవులు. చెట్ల సందున ఎండ నేలకు దిగి గడ్డి ఎదిగే ఇటువంటి చోట్లు చాలావరకు సవన్నాలని, అంటే చెట్టూ గడ్డీ కలిసి బతికే నేలలని 2011లో పర్యావరణ శాస్త్రవేత్త జయశ్రీ రత్నం బృందం వాదించింది. అలాంటి నేలలో అప్పుడప్పుడు మంట లేకపోతే పొదలు కమ్మి గడ్డి నశిస్తుంది.

గోదావరి పరిసరాల గిరిజనులకు నిప్పు పెట్టడమంటే ఒకే పని కాదు. కోయలు, కొండరెడ్లు, కొలాములు పోడు కోసం చెట్టూ పుట్టా నరికి, ఎండనిచ్చి, తొలకరికి ముందు కాల్చి, ఆ బూడిదలో జొన్న, సామ చల్లి, రెండు మూడు పంటల తర్వాత ఆ చోటును తిరిగి అడవికే వదిలేవారు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో పువ్వు కంటబడేందుకు చెట్టు కింది ఎండుటాకు కాల్చేవారు. లేత బీడీ ఆకు కోసం తునికి పొదలకు నిప్పు పెట్టేవారు. అన్నీ మేలు చేసేవేనని చెప్పలేం. ఏటా మంట పెడితే ఇప్పచెట్టు కింద దాని మొలకలే మిగలవు.

చట్టం వీటన్నిటినీ ఒకే గాటన కట్టింది. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత బిగిసిన పోడు ఆంక్షలు 1922 నాటి అల్లూరి సీతారామరాజు పోరాటానికి ఒక కారణం. ఆదిలాబాద్‌లో నైజాం రిజర్వు హద్దులు కొలాములను కొండవాలు నుంచి దింపేశాయి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చింది ఈ భూమి తగాదాలోనే. సర్కారుకు అడవి అంటే ముందు కలప. 1889లో తవ్వకం మొదలైన సింగరేణి బొగ్గు బావుల్లో పైకప్పు కూలకుండా నిలబెట్టిన దుంగలూ అడవి సొత్తే.

మంట మానితే ఏమవుతుందో కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగ గిరిజనులు చూశారు. ఎండలు ముదరకముందే నేలబారున ఆకు కాల్చే ‘తరగు బెంకి’ని 1974లో అభయారణ్యం వచ్చాక ఆపించారు. ఆ తర్వాతే లాంటానా పొద అల్లుకుందని, ఉసిరి చెట్లకు బదనిక పట్టిందని వారంటారు. వారి అనుభవాన్ని కొట్టిపారేయలేం.

1967 అటవీ చట్టం ప్రకారం తెలంగాణ రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేటికీ నేరమే. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం గ్రామసభలకు సామూహిక అటవీ వనరుల నిర్వహణ హక్కు ఇచ్చింది. ఆ హక్కు కింద వేసుకునే నిర్వహణ ప్రణాళికల్లో ఏ నెలలో, ఎంత మేర కాల్చాలో, ఏ చోటు ముట్టకూడదో గ్రామసభలు రాయాలి. అటవీశాఖ ఒక్క బీటులోనైనా అలాంటి ప్రణాళికను పరీక్షించి చూడాలి.