మొదట్లో వాళ్లకూ నచ్చలేదు

మెల్‌బోర్న్‌కు చదువుకోవడానికి వచ్చే మన పిల్లలు వెజిమైట్‌ను ఒకసారి నాలుక మీద వేసుకుని, ఇది తెల్లవాళ్లకు తప్ప మరెవరికీ పడదని తేల్చేసి సీసా పక్కన పెట్టేస్తారు. నేను ఒప్పుకోను. ఈ రుచితో ఇక్కడ ఎవరూ పుట్టలేదు. 1923లో అంగళ్లకు వచ్చిన ఈ నల్లటి ముద్దను ఆస్ట్రేలియన్లే పన్నెండేళ్లకు పైగా పెద్దగా పట్టించుకోలేదు. అది వాళ్లకెలా అలవాటైందో తెలుసుకుంటే ఈ దేశం యుద్ధాలనూ మాంద్యాన్నీ ఎలా దాటిందో కూడా కొంత తెలుస్తుంది.

చూడటానికి పులిహోర కోసం దగ్గరపడేదాకా ఉడికించిన చింతపండు గుజ్జులా ఉంటుంది. పులుపు మాత్రం ఉండదు. ముందు ఉప్పు గట్టిగా తగులుతుంది, వెనకాలే సన్నటి చేదు, ఆ తర్వాత చాలాసేపు నోట్లో నిలిచే ఒక కమ్మదనం. ఆ కమ్మదనం గ్లుటమేట్‌ది. బాగా పండిన టమాటాలోనూ అదే ఉంటుంది. బీరు తయారయ్యాక మిగిలిపోయే ఈస్టు దీనికి ముడిసరుకు. ఆ ఈస్టును వెచ్చగా ఉంచితే దాని కణాల్లోని ఎంజైములే ఆ కణాలను కరిగించేస్తాయి. వచ్చిన రసాన్ని వడగట్టి, చిక్కబరిచి, ఉప్పూ, ఉల్లి, సెలెరీ సారమూ కలుపుతారు. ఇందులో మద్యం లేదు, మాంసం లేదు. శాకాహారులు నిశ్చింతగా తినొచ్చు.

ఈస్టు సారాన్ని సీసాల్లోకి ఎక్కించినవాళ్లు ముందు ఇంగ్లిషువాళ్లే. 1902లో బర్టన్ అపాన్ ట్రెంట్ అనే బీరు ఊళ్లో మార్మైట్ మొదలైంది. అప్పటి ఆస్ట్రేలియా తిండి విషయంలోనూ బ్రిటన్ వైపే చూసేది. మొదటి ప్రపంచయుద్ధం వచ్చి ఓడల రాకపోకలు దెబ్బతినేసరికి మార్మైట్ రావడం కష్టమైంది. మెల్‌బోర్న్ వ్యాపారి ఫ్రెడ్ వాకర్ అటువంటిదే ఇక్కడే చేయించాలనుకున్నాడు. సిరిల్ కాలిస్టర్ అనే రసాయన శాస్త్రవేత్తను పనిలో పెట్టుకున్నాడు. విక్టోరియా పల్లెలో పుట్టిన కాలిస్టర్ యుద్ధకాలంలో బ్రిటన్ వెళ్లి మందుగుండు కర్మాగారాల్లో పనిచేసి వచ్చినవాడు. స్థానిక బీరు కంపెనీ ఈస్టుతో ప్రయోగాలు చేసి 1922లో సాధించాడు. పేరు కోసం 50 పౌండ్ల బహుమతితో జనంలో పోటీ కూడా పెట్టారు.

అయినా జనం కొనలేదు. మార్మైట్ మళ్లీ దొరుకుతున్నప్పుడు ఇదెందుకన్నారు. 1928లో వాకర్ పేరు మార్చి పార్విల్ అన్నాడు. అదీ నడవక 1935లో పాత పేరుకే తిరిగొచ్చారు. అప్పటికి ఆయన అమెరికన్ క్రాఫ్ట్ వాళ్లతో కలిసి చీజ్ అమ్ముతున్నాడు. ఆ సరుకు కొన్నవాళ్లకు కూపన్ల మీద వెజిమైట్ సీసా ఉచితంగా ఇచ్చే పథకం పెట్టారు. మాంద్యం రోజులు. ఊరికే వచ్చిన తిండిని ఏ ఇల్లాలు పారబోస్తుంది? సీసా వంటింట్లోకి చేరింది. దానికి జనం అలవాటుపడటం పూర్తిగా చూడకుండానే వాకర్ 1935లో చనిపోయాడు. 1939లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ బి విటమిన్లకు ఇది మంచి ఆధారమని ఆమోదించడంతో డాక్టర్లే తల్లులకు చెప్పసాగారు. రెండో ప్రపంచయుద్ధంలో సైనికుల రేషన్‌లోకి వెళ్లింది, ఊళ్లలో కొరత వచ్చింది. 1954లో రేడియోలో పిల్లల ప్రకటన పాట వచ్చేనాటికి, యుద్ధం తర్వాత పుట్టిన తరం దీన్ని తింటూనే పెరుగుతోంది.

ఈ కథలో మన దేశపు పేజీ ఒకటుంది. నాకు అన్నిటికన్నా విలువైనది అదే. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లిషు వైద్యురాలు బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు తీవ్రమైన రక్తహీనతతో చనిపోతుంటే కారణం వెతకడం ఆమె పని. ఆ పేద స్త్రీలు ఏం తింటున్నారో పరిశీలించారు. అటువంటి తిండే పెట్టిన కోతుల్లోనూ రక్తహీనత వచ్చింది. మార్మైట్ పెడితే తేరుకున్నాయి. స్త్రీలకూ ఇచ్చారు, వాళ్లూ కోలుకున్నారు. ఆ సంగతి 1931లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఈస్టులోని ఆ పదార్థం ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో పాలకూర నుంచి దాన్ని వేరుచేశాక ఫోలిక్ యాసిడ్ అన్నారు. మన ఊళ్లలో గర్భిణులకు పంచే ఐరన్ ఫోలిక్ యాసిడ్ బిళ్లల వెనక ఆ మిల్లు కార్మికురాళ్లున్నారు. వాళ్ల పేర్లు ఏ సీసా మీదా లేవు.

వెజిమైట్ చాలాకాలం అమెరికన్ యాజమాన్యంలోనే ఉంది. 2017లో బేగా అనే ఇక్కడి చీజ్ కంపెనీ కొనుక్కుంటే, సొంత ఆస్తి ఇంటికొచ్చినట్టు సంతోషించారు ఇక్కడి జనం.

ఇక్కడికొచ్చే పిల్లలకు నేను చెప్పేది తినే పద్ధతి గురించే. జామ్‌లా దట్టంగా పూయకండి. టోస్టు వేడిగా ఉండగానే ముందు వెన్న ధారాళంగా రాయండి. అది కరుగుతుండగా చాకు కొసన వెజిమైట్ కొద్దిగా తీసుకుని, కింద రొట్టె రంగు కనబడేంత పల్చగా లాగండి. ఇంకా ఘాటనిపిస్తే పైన చీజ్ గానీ అవొకాడో గానీ పెట్టుకోండి, ఉప్పు తగ్గినట్టుంటుంది. మొదటిసారి చిన్న సీసా చాలు.