సంఘము చిరునామా: గంట నుండి స్థానిక అన్వేషణ వరకు

పరిచయము

సంఘము ఎక్కడ కూడుచున్నదో క్రొత్తవానికి ఎట్లు తెలియును? ఇది చిన్న ప్రశ్నవలె కనబడును గాని, ప్రతి తరమును దీనికి తనదైన జవాబు వెదకుకొనినది. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో ప్రభువు అననీయకు వీధి పేరు, ఇంటి యజమాని పేరు, వెదకవలసిన మనుష్యుని పేరు చెప్పి పంపెను. 10వ అధ్యాయములో కొర్నేలీ పంపిన మనుష్యులు సముద్రపు దరినున్న చర్మకారుడైన సీమోను ఇంటిని విచారించి తెలిసికొనిరి. పౌలు పత్రికలలో కొన్ని సంఘములు ప్రిస్కిల్ల అకుల, నుంఫా వంటి ఆతిథేయుల ఇండ్లనుబట్టియే పేర్కొనబడినవి. ఈ జవాబులు తెలుగు నేలపై ఎట్లు మారినవో, నేటి ఇంటర్నెట్ అన్వేషణ సంఘముపై మోపుచున్న బాధ్యత ఏమిటో ఈ వ్యాసములో పరిశీలింతుము.

1. గోపురము, గంట, బంధువర్గము

1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదక్ కెథడ్రల్ గోపురము సుమారు 175 అడుగుల ఎత్తు. అట్టి మందిరమునకు చిరునామా అవసరము లేదు. కాని తెలుగు సంఘములలో అత్యధికము మాలపల్లెలలోను మాదిగపల్లెలలోను పుట్టినవి. వాటికి గోపురము లేదు, తలుపు నంబరు లేదు. ఒంగోలు ప్రాంతములో తోళ్ళ వ్యాపారియైన ఎర్రగుంట్ల పేరయ్య తన వ్యాపారపు దారులవెంట, బంధువుల ఊళ్ళవెంట సువార్తను మోసికొనిపోయెను. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మము పొందుటకు వెనుక ఇట్టి బంధుత్వపు దారులు బలముగా పనిచేసినవి. అడుగదగిన మనిషి ఊరిలో ఉండుటయే ఆనాటి చిరునామా.

2. డైరెక్టరీ నుండి పటమునకు

అదే 1878లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో ఒకే కాగితముపై సుమారు 50 పేర్లతో మొదటి టెలిఫోను డైరెక్టరీ వెలువడెను. మన దేశములో 1996లో ముంబైలో ఆరంభమైన జస్ట్‌డయల్ ఫోనుద్వారా స్థానిక సమాచారము అందించెను. 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చెను. 2008లో ఆరంభమైన గూగుల్ మ్యాప్ మేకర్‌ద్వారా సామాన్యులే తమ ఊళ్ళ రోడ్లను, స్థలములను పటములో గుర్తించిరి. అది 2017లో మూయబడినది. 2014లో వచ్చిన గూగుల్ మై బిజినెస్ 2021లో గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌గా పేరు మార్చుకొనినది. 2021లోనే తెలుగుతో కలిపి పది భారతీయ భాషలలో స్థలముల పేర్లు లిప్యంతరీకరణద్వారా చూపబడసాగెను.

3. సంఘము చేయవలసిన పని

ఫలితముల వరుసకు మూడు ఆధారములున్నవని గూగుల్ చెప్పుచున్నది: అడిగిన మాటకు పొందిక, దూరము, ప్రసిద్ధి. దూరము మన చేతిలో లేదు. పొందిక చాలవరకు మన చేతిలోనే ఉన్నది. "సి.ఎస్.ఐ. చర్చి" అనే పేరు వందల ఊళ్ళలో కలదు. నామఫలకముపై ఒక పేరు, రసీదు పుస్తకములో మరొకటి, పటములో ఇంకొకటి ఉండుట మనము తరచుగా చూచుచున్నాము. ఫలకముపైనున్న పేరే అన్నిచోట్ల ఉండవలెను. ఆరాధన భాష, వేళలు, ఫోను నంబరు సరిగా ఉండవలెను. క్రిస్మస్, గుడ్ ఫ్రైడే వేళలను ముందుగానే మార్చవలెను. ఇంతకు మించి పేరులో ఊళ్ళను, పొగడ్తలను చేర్చుట నియమములకు విరుద్ధము.

మరియొక సంగతి. పాస్టరుగారి సొంత ఈమెయిలుతో తెరచిన ఖాతా ఆయన బదిలీతో ఆయనవెంటనే పోవును. తరువాతి పాస్టరుగారు పాత ఫోను నంబరునైనను సులభముగా మార్చలేరు. గనుక యాజమాన్యము సంఘ కమిటీ పేరిట ఉండి, కనీసము ఇద్దరు బాధ్యుల చేతిలో ఉండవలెను.

4. కనబడనివారు

ప్రసిద్ధి అనునది పెద్ద సంఘములకు అనుకూలము. సమీక్షలు, ఫొటోలు, ఇతర వెబ్‌సైట్ల లంకెలు వారికే ఎక్కువ. ప్రకాశం జిల్లానుండి హైదరాబాదుకు కూలిపనికో చదువుకో వచ్చిన యౌవనస్థుడు తెలుగు ఆరాధన కొరకు వెదకినప్పుడు, రెండు వీధుల అవతలనున్న రేకుల షెడ్డులోని సంఘము కనబడకపోవచ్చును. పేరయ్య కాలములో బంధువర్గము చేసిన పనిని నేడు పటము చేయవలసియున్నది. కాని పటమునకు మన పల్లెలు తెలియవు, ఎవరో ఒకరు తెలుపవలెను. కావున పెద్ద సంఘములలోని యౌవనస్థులు తమ డయోసిస్‌లోని చిన్న సంఘములకు ఈ పని చేసిపెట్టుట పరిచర్యయే.

అయితే గృహ సంఘములలో కొన్ని భద్రత నిమిత్తము పటములో ఉండగోరవు. ఆ నిర్ణయము ఆ సంఘమునకే చెందును. వారి అనుమతి లేక ఇతరులు గుర్తు పెట్టరాదు.

ముగింపు

అన్వేషణ మనుష్యుని వాకిటివరకే తెచ్చును. కొర్నేలీ మనుష్యులు వాకిట నిలిచి పిలిచినప్పుడు పేతురు దిగివచ్చి, వారిని లోపలికి పిలిచి ఆతిథ్యమిచ్చెను. పటములోనున్న నంబరుకు ఆదివారము ఉదయము ఫోను వచ్చినప్పుడు ఎత్తువారెవరో ప్రతి సంఘము ముందుగా నిర్ణయించుకొనవలెను.