రాజకీయ సంచలనం, స్వరరచన: బాలాంత్రపు రజనీకాంతరావు

రాజకీయ సంక్షోభం స్వరకర్తను ఎలా మలుస్తుందన్న చర్చలో పాశ్చాత్య సంగీత చరిత్రకారులు తరచు షోపేన్‌ను ఉదాహరిస్తారు. 1830 నవంబరులో వార్సాలో తిరుగుబాటు చెలరేగేనాటికి అతడు స్వదేశాన్ని విడిచి ఉన్నాడు. అతని పియానో రచనలను పోలెండు వియోగంతో ముడిపెట్టి వినడం ఆనవాయితీ అయింది. తాడేపల్లిగూడేనికి సమీపంలోని నిడదవోలులో 1920 జనవరి 29న జన్మించిన రజనీకాంతరావు జీవితం ఇదే ప్రశ్నకు భిన్నమైన సమాధానమిస్తుంది. సంచలనం రచన ఇతివృత్తాన్నే కాక, దానిని వినిపించే సంస్థను, వాద్యాన్ని, వ్యవధిని కూడా ప్రభావితం చేస్తుందని చూపడం ఈ వ్యాస లక్ష్యం.

రజని 1941లో మద్రాసు రేడియో కేంద్రంలో చేరారు. అది యుద్ధకాలం; రేడియో బ్రిటిషు ప్రభుత్వ సంస్థ. మరుసటి ఏడాదే క్విట్ ఇండియా ఉద్యమం వచ్చినా, వీధిలో వినిపించే నినాదానికి స్టూడియోలో చోటు లేదు. వాద్యాల ఎంపిక సైతం వివాదాస్పదమే. గమకాలు పలకవనీ, విదేశీయమనీ వచ్చిన వాదనల నడుమ 1940 మార్చి నుంచి రేడియో హార్మోనియంను నిషేధించింది. మన ప్రాంతంలో పియానోకు దీటుగా జనానికి పరిచయమైన మెట్ల వాద్యం నాటక సమాజాల హార్మోనియమే. రేడియో స్వరకర్త ఆ ఆసరా లేకుండానే బాణీ కట్టవలసి వచ్చింది.

1947 ఆగస్టు 15 అర్ధరాత్రి వేళ టంగుటూరి సూర్యకుమారి గళంలో 'మాదీ స్వతంత్ర దేశం' ప్రసారమైంది. సాహిత్యం, స్వరరచన రజనివే. కచేరీ పద్ధతిలోని సుదీర్ఘ ఆలాపనకు, నెరవుకు, కల్పనస్వరాలకు ఇటువంటి గేయంలో తావుండదు. కొద్ది నిమిషాల వ్యవధి, స్పష్టమైన పదోచ్చారణ, పదిమంది గొంతు కలపగల ఎత్తుగడ దీనికి ప్రధానం. శ్రోత సభాసదుడి స్థానం నుంచి పౌరుడి స్థానానికి మారడమే ఈ రూపానికి మూలం.

అయితే లలిత సంగీత వికాసాన్ని స్వాతంత్ర్యోద్యమానికి మాత్రమే ఆపాదించరాదు. రజని తండ్రి వేంకటరావు వేంకట పార్వతీశ్వర కవులలో ఒకరు. కవితా సంస్కారం ఇంటనే లభించింది. సంప్రదాయంతో బంధమూ తెగలేదు. 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము'కు 1961లో ఆయన సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు.

షోపేన్ ప్రవాసంలో ఏకాంత వాద్యాన్ని ఆశ్రయించగా, రజని పరాయి పాలకుల సంస్థలోనే ఉండి, అది స్వదేశీయమైన క్షణాన దానికి గొంతునిచ్చారు. ఆ రాత్రి పాటకు స్వేచ్ఛ లభించింది. హార్మోనియంపై నిషేధం మాత్రం స్వాతంత్ర్యానంతరం కూడా చాలాకాలం కొనసాగింది. పాలకులు మారినంత వేగంగా సంస్థల అభిరుచులు మారవన్న సత్యాన్ని సంగీత చరిత్ర రచనలో విస్మరించరాదు.