షట్టర్ ఖాళీ చేయించినా పని ఆగొద్దు: నాలుగు కంప్యూటర్లకు తాత్కాలిక నెట్‌వర్క్

దళితవాడల నుంచి వచ్చిన యువత మండల కేంద్రాల్లో డీటీపీ, ఆన్‌లైన్ సెంటర్లు నడుపుతున్నారు. కంప్యూటర్లు వాళ్లవే అయినా షట్టర్ ఇంకొకరిది. కులం తెలిశాక అద్దెకివ్వని వాళ్లున్నారు, ఇచ్చాక ఏదో సాకుతో ఖాళీ చేయమనే వాళ్లూ ఉన్నారు. కొత్త చోటు దొరికేదాకా కంప్యూటర్లు మూట కట్టి ఇంట్లో పెడితే ఈలోగా స్కాలర్‌షిప్ దరఖాస్తుల గడువు దాటిపోతుంది. 2012 నాటి కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ల విధానంలో ఎస్సీ, ఎస్టీల చిన్న సంస్థలకు 4 శాతం వాటా ఉంది. కానీ ప్రభుత్వ ఈ-మార్కెట్ పోర్టల్‌లో బిడ్ గడువు మన షట్టర్ కోసం ఆగదు. అందుకే కమ్యూనిటీ హాల్లోనో, ఇంటి వరండాలోనో ఒక్క పూటలో పని మొదలుపెట్టే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాం.

ఇంటర్నెట్ ఎలా?

కొన్నాళ్ల కోసం కేబుల్ లైన్ వేయించుకోవడం దండగ. సిమ్ వేసే 4జీ రూటర్ చాలు. కొనే ముందు రెండు మూడు కంపెనీల సిమ్‌లున్న ఫోన్లతో హాల్లో సిగ్నల్ చూసుకోవాలి. రూటర్‌ను కిటికీ దగ్గర, ఎత్తులో పెట్టాలి. అది మొరాయిస్తే వాడుకోవడానికి ఒక ఫోన్‌లో హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోవాలి.

వైర్లు, ప్రింటర్

నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటర్ అంటే ఐదు కనెక్షన్లు. రూటర్‌కు అన్ని పోర్టులు లేకపోతే 8 పోర్టుల స్విచ్ ఒకటి తెచ్చి, దాన్ని ఒక వైరుతో రూటర్‌కు కలపాలి. మిగతావన్నీ స్విచ్‌కు కలిపితే సరి. క్యాట్-6 కేబుల్ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది. జనం నడిచే దారిలో వైర్లు పడేయకుండా గోడ వెంట టేపు వేయాలి. ప్రతి వైరు రెండు చివర్లా ఒకే నంబరు రాసుకుంటే విప్పేటప్పుడు, మళ్లీ బిగించేటప్పుడు తడుముకోనక్కర్లేదు.

కంప్యూటర్లకు, ప్రింటర్‌కు ఐపీ చిరునామాలను రూటరే ఇస్తుంది. కరెంటు పోయి వచ్చాక ప్రింటర్ చిరునామా మారితే ప్రింట్లు ఆగిపోతాయి. రూటర్ సెట్టింగుల్లో ప్రింటర్‌కు ఒకే చిరునామా ఖాయం చేస్తే ఆ తిప్పలు ఉండవు. కంప్యూటర్లతో పాటు రూటర్‌కు, స్విచ్‌కు కూడా యూపీఎస్ ఉండాలి.

వై-ఫై తాళం

రూటర్‌తో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్‌ను మొదటే మార్చాలి. వై-ఫైకి డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఎంచుకోవాలి. పని కోసం వచ్చినవాళ్లు నెట్ అడిగితే గెస్ట్ నెట్‌వర్క్ పాస్‌వర్డ్ ఇవ్వాలి. అసలు నెట్‌వర్క్ పాస్‌వర్డ్ గోడ మీద రాసిపెట్టొద్దు.

జనం కాగితాలు మన బాధ్యత

హడావిడిలో ఎక్కువగా మరిచిపోయేది ఇదే. ఈ కంప్యూటర్లలో ఆధార్, కుల ధ్రువీకరణ, బ్యాంకు పాస్‌బుక్కులు మాత్రమే ఉండవు. అట్రాసిటీ ఫిర్యాదులు టైపు చేయించుకోవడానికి వచ్చేదీ ఇక్కడికే. సాక్షుల పేర్లు, చిరునామాలు బయటపడకుండా చూసే వీలును ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోని 15ఏ సెక్షన్ కోర్టుకు ఇచ్చింది. అవే పేర్లు మన షేర్డ్ ఫోల్డర్‌లో ఎవరికైనా కనిపిస్తే ఆ రక్షణకు అర్థమేముంది?

కాబట్టి అలాంటి ఫైళ్లను ఒక్క కంప్యూటర్‌లోనే, పాస్‌వర్డ్ పెట్టి ఉంచాలి. నెట్‌వర్క్‌లో షేర్ చేయకూడదు. పని అయ్యాక వాళ్ల పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చి మన దగ్గర చెరిపేయాలి. సాయంత్రం మూసే ముందు డౌన్‌లోడ్స్ ఫోల్డర్, రీసైకిల్ బిన్ ఖాళీ చేయాలి. వాట్సాప్ వెబ్, జీమెయిల్ లాగౌట్ అయ్యాయో లేదో ప్రతి కంప్యూటర్‌లో చూడాలి.

విప్పే రోజు

రూటర్‌ను ఇంకొకరికి ఇచ్చేట్టయితే దాని వెనక చిన్న రంధ్రంలోని రీసెట్ బటన్‌ను పిన్నుతో 10 సెకన్ల పాటు నొక్కి పట్టాలి. పాత పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి. మళ్లీ వాడుకునేట్టయితే రూటర్, స్విచ్, వైర్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకే పెట్టెలో సర్ది పెట్టాలి. సెట్టింగులు రాసుకున్న కాగితాన్ని విడిగా, మన దగ్గరే భద్రంగా ఉంచుకోవాలి. రేపు ఇంకో షట్టర్ ఖాళీ చేయమన్నా, ఆ సాయంత్రమే ఇంకోచోట పని మొదలవుతుంది.