గతి తప్పిన గుండె

పండుగపూట రోగాల మాట ఎందుకని పెద్దలు కొందరు నన్ను కోపగించుకోవచ్చును. కాని గుండెదడ అనే మాట వినబడని వరండా మన కామాఠీపుర చాళ్లలో లేదు. ఆ దడ ఎక్కడ పుట్టునో మనుష్యులు ఎట్లు కనిపెట్టినారో నాకు తెలిసినంతవరకు మనవి చేస్తాను. నేను వైద్యుడను కాను, రైల్వే గుమాస్తాను. బండి ఆలస్యంగా వచ్చినదని చివరి స్టేషను వారిని తిట్టి లాభం లేదు. మొదట ఏ స్టేషనులో నిలిచిపోయినదో కాగితాలు తిరగేసి చూడవలె. ఈ చరిత్రయు అటువంటిదే.

నాడి చూచుట మన దేశంలో పాత విద్య. మన వైద్యులు మణికట్టుపై మూడు వేళ్లుంచి దాని నడక చెప్పేవారు. 1816లో ఫ్రాన్సు దేశస్థుడు లెనెక్ స్టెతస్కోపు కనిపెట్టినాడు. నడక తప్పినదని వేలికీ చెవికీ తెలిసేది గాని, గుండెలో ఏ భాగాన తప్పినదో తెలిసేది కాదు.

ఆ రహస్యం మన బొంబాయి వంటి నూలుమిల్లుల ఊరిలో తేలినది. ఇంగ్లండులో లాంకషైరు ప్రాంతపు బర్న్‌లీ పట్టణానికి 1879లో జేమ్స్ మెకెంజీ అనే యువవైద్యుడు వచ్చినాడు. అతని రోగులలో మిల్లు కూలీలే ఎక్కువ. గుండెజబ్బు గల ఒక గర్భిణి ప్రసవవేళ మరణించగా, ముందుగా తెలుసుకోలేకపోతినే అని పరితపించి, గుండె నడకను పరిశీలించ పూనుకొన్నాడు. ఒక గడియారాల పనివాని సహాయంతో పాలిగ్రాఫు అనే యంత్రం చేయించినాడు. అది మణికట్టు నాడిని, మెడసిర కదలికను ఒకేసారి కాగితంపై గీసేది.

గుండె పైగది ముడుచుకొన్నప్పుడల్లా మెడసిరలో ఒక చిన్న అల లేచును. కీళ్లవాతంతో గుండె చెడిన ఒక స్త్రీని అతడు ఏండ్ల తరబడి పరిశీలించుచుండెను. ఆమె నాడి పూర్తిగా క్రమం తప్పినప్పుడు ఆ అల మాయమైనది. అనగా లోపం పైగదిలో ఉన్నదన్నమాట! అది చచ్చుబడినదని అతడు మొదట తలచినాడు. చచ్చుబడలేదు, ముడుచుకొనలేక వణకుచున్నదని 1909లో థామస్ లూయిస్ ఈసీజీతో చూపినాడు.

ఆ ఈసీజీ యంత్రం హాలెండులో ఐంథోవెన్ నిర్మించినది. బరువు సుమారు 270 కిలోలు, నడుపుటకు అయిదుగురు మనుష్యులు. రోగులను దానివద్దకు తేలేక, 1905లో ఒకటిన్నర కిలోమీటరు దూరపు ఆసుపత్రినుండి టెలిఫోను తీగపై గుండె సంకేతమును తెప్పించుకొన్నాడు. 1924లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చినది. తరువాత 1998లో ఫ్రాన్సులోని బోర్డో నగరంలో అయిసగేర్ బృందంవారు, అనేకులలో ఈ వణుకును రేపే సంకేతములు ఊపిరితిత్తుల సిరలలో పుట్టుచున్నవని చూపినారు. నేడు తొడసిర గుండా సన్నని తీగ పంపి అటువంటి చోట్లను వేడితో మాడ్చే చికిత్స ఉన్నది.

ఇక మన చాళి సంగతి. మా మేనత్త బీడీలు చుట్టి పిల్లలను పెంచినది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, దడ. ఇరుగుపొరుగువారు నీరసమన్నారు, దిష్టి అన్నారు. ఒక డిస్పెన్సరీలో రెండేండ్లు టానిక్కులే ఇచ్చినారు. చివరకు ఒక పెద్దాసుపత్రిలో కుర్ర డాక్టరు ఒకరు స్టెతస్కోపు ఎదపై ఆనించి ఆయన లెక్కించి, అదే నిమిషంలో నర్సుచేత మణికట్టు నాడి లెక్కింపించినారు. ఎదలో 124, చేతిలో 96! కొన్ని స్పందనలు చేతివరకు చేరుటలేదు. ఈసీజీ తీయకముందే ఆయనకు సంగతి అర్థమైనది. చిన్నప్పుడు కీళ్లు వాచినవా అని హిందీలో అడిగినారు. నేను తెలుగులో అడిగితే అత్తమ్మ, “అవును బిడ్డా, పదేండ్లప్పుడు మోకాళ్లు, మోచేతులు ఉబ్బి నెల దినాలు పండుకున్న” అన్నది.

బండి మొదట నిలిచిన స్టేషను అదే! గొంతునొప్పి కలిగించే ఒకజాతి సూక్ష్మక్రిములతో పోరాడుచు దేహం పొరపాటున తన కీళ్లను, గుండెను కూడ దెబ్బతీయును. కొన్నేండ్లకు గుండెకవాటం ఇరుకగును, పైగది ఉబ్బి వణకును. అందులో గడ్డకట్టిన నెత్తురు మెదడుకు పోతే పక్షవాతమే. ఇరుకు గదులలో ఈ గొంతునొప్పి ఒకరినుండి ఒకరికి సులువుగా పాకును. మన కామాఠీ పెద్దలు ఈ నగరాన్ని కట్టినారు, 1854 తరువాత లేచిన మిల్లులలో మనవారెందరో మగ్గాలు నడిపినారు. వారికి దక్కినది ఒక్కొక్క గది. అందులో ఎనమండుగురు, పదిమంది.

అత్తమ్మ కవాటాన్ని బెలూనుతో వెడల్పు చేసినారు. నెత్తురు పలుచబరచే మాత్రలు వేసుకొంటూ, నెలనెలా రక్తపరీక్ష చేయించుకొంటూ, ఈ యుగాదికి మా ఇంట పచ్చడి తానే కలిపినది.

సోదరీ సోదరులారా! మన గల్లీలకు దగ్గరలోనే 1845 నాటి జె.జె. ఆసుపత్రి ఉన్నది. పరేలులో 1926 నాటి కె.ఇ.ఎం. ఉన్నది. పిల్లలకు జ్వరంతో గొంతునొప్పి వస్తే పసుపుపాలతో సరిపెట్టక డాక్టరుకు చూపించండి. ఆ క్రిములవల్లనే అని తేలితే పెన్సిలిన్ పని చేయును. కీళ్లవాపు వచ్చిపోయిన పిల్లకు మూడు నాలుగు వారాలకొక సూది ఏండ్ల తరబడి అవసరమంటే, మధ్యలో మానకండి. ఇంటి కోడలికి ఆయాసమంటే నీరసమని త్రోసివేయకండి. ఎంతో దూరం వెదకి మెకెంజీ కనుగొన్న లోపానికి మొదలు మన పిల్లల గొంతులో ఉన్నది.