కావలి, పహరా, కనిపెట్టుట

మన సంఘములలో "కావలివాడు" అను మాట విననివారుండరు. యెహెజ్కేలు గ్రంథము మొదలుకొని ఆదివారపు ప్రసంగము వరకు నలిగిన మాటయే. అయితే అది పుట్టినది చూచుటనుండి కాదు, కాచుటనుండి. తమిళులు కావల్ అందురు; అక్కడ పోలీసు స్టేషను నేటికిని కావల్ నిలయమే. కన్నడిగులకు కావలు. మన కాపు, కాపరి, కావలి అన్నియు ఆ ఇంటి బిడ్డలే. గొఱ్ఱెల కాపరికిని గేటు కావలివానికిని మాటలోనే చుట్టరికము కలదు.

పహరా మాట వేరు. అది ఉర్దూ మీదుగా మనకు వచ్చినది. దాని మూలము సంస్కృత ప్రహరము, అనగా జాము, మూడు గంటల కాలము. జాము ముగియగానే మరియొకడు వచ్చి నిలుచును. మత్తయి సువార్తలోని నాలుగవ జాము రోమీయుల పహరా లెక్కయే. గిద్యోను నాటి యూదులకు రాత్రి మూడు జాములే.

నిజాము కాలమున గ్రామ కావలివానిని సేత్‌సింధి అనిరి. మరాఠీలో శేత్ అనగా చేను, సనదు అనగా హక్కు పత్రము. కావలికి ప్రతిగా భూమి పొందినవాడని భావము. మహారాష్ట్ర సరిహద్దుననున్న మన బోధనువారికి ఆ మాట వింతగా తోచదు.

1931లో నిజాంసాగర్ పూర్తియైనది. 1938లో శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలసినది. చెరుకు వచ్చినచోట అడవి పందుల బెడదయు వచ్చును. పందుల కొరకు మంచెమీద, కాలువ నీరు మడికి ఎక్కువరకు గట్టుమీద, రైతు రాత్రియంతయు మేలుకొనవలసినదే. దానిని మేమెన్నడును పహరా అనలేదు, కావలియే అంటిమి. తన చేనిని తాను కాచుకొనువానికి జాము మారుటతో పని తీరదు గదా!

ఇక కనిపెట్టుట. మన పిల్లల బడి పుస్తకములలో దీనికి క్రొత్తది కనుగొనుట అనియే అర్థము: రేడియోను కనిపెట్టినది ఎవరు? అని. బైబిలులోనైతే కన్ను మరల్చక ఎదురుచూచుట. 130వ కీర్తనలో కావలివారును, కనిపెట్టుటయు ఒక్కచోటనే కలిసికొనును. కావలివాడు తెల్లవారుటను త్వరపెట్టలేడు; తెల్లవారునని మాత్రము ఎరుగును.

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినది. మరల తెరువబడునని కార్మికులును చెరుకు రైతులును ఏండ్ల తరబడి కనిపెట్టిరి. ఈ మాటను మేము బడి పుస్తకపు అర్థమున వాడలేదు.