గుండ్లూ గుండమూ

చెప్పులు విప్పి చేత్తో పట్టుకోండి. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర వాగులో దిగాలంటే కాలివేళ్లతో రాయిని కరిచిపట్టి నడవాలి. నీళ్లు చీలమండ దాటవు. చుట్టూ నునుపుదేలిన బండలు, వాటి చాటున చిన్న చిన్న మడుగులు. ఒంగి దోసిట పడితే ఎండుటాకుల వాసన. గుండ్లకమ్మ పుట్టేది ఈ అడవిలోనే.

ఆ పేరు ఒకసారి పైకి అనండి. గుండుకు బహువచనం గుండ్లు కాబట్టి, వినగానే రాళ్ల ఏరు అనిపిస్తుంది. సంస్కృతంలో రాసినవాళ్లు మాత్రం దీన్ని బ్రహ్మకుండి అన్నారు. కుండమంటే మన గుండమే, నీళ్లు నిలిచే చోటు. ఇంతకీ ఇది రాళ్ల పేరా, నీళ్ల పేరా? ఆ సందేహాన్ని వెంటబెట్టుకునే ఏటి వెంబడి రండి.

అడవి దిగాక జంపలేరు నీళ్లూ తోడవుతాయి. కంభం దగ్గర రెండు కొండల నడుమ కట్ట అడ్డొస్తుంది. ఎక్కి చూడండి. సన్నటి వాగు కాస్తా ఏడు కిలోమీటర్ల పొడవున చెరువై పరుచుకుంది. విజయనగరం కాలంలో గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. 2020లో దీనికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. కట్టమీది రాయిని తాకితే అరచెయ్యి చుర్రుమంటుంది. అవతలినుంచి వచ్చే గాలి మాత్రం చల్లన. రాళ్లు కాపు కాస్తేనే ఇక్కడ నీళ్లు నిలిచాయి.

కంభం దాటి, మార్కాపురం పలకరాళ్ల నేల పక్కగా ఈశాన్యానికి సాగిన ఏరు, వినుకొండ వైపు వెళ్లి వంపు తిరిగి, ఆగ్నేయానికి మళ్లి అద్దంకి చేరుతుంది. పండరంగడు 848లో తరువోజ పద్యంతో శాసనం వేయించిన ఊరు ఇది. ప్రోలయ వేమారెడ్డి రాజధాని, ఎఱ్ఱన కావ్యాలు రాసిన చోటు. అంత పేరున్న ఊరి పక్కన, ఎండాకాలం ఏట్లో కనిపించేది ఇసుకే.

ఇసుకలోకి దిగండి. అరికాళ్లు కాలతాయి. ఒక పెద్దమ్మ కూర్చుని చేత్తో చెలమ తోడుతోంది. మోచేతి లోతున ఇసుక తడిసింది. ఇంకో నాలుగు దోసిళ్లు తీసేసరికి ఊట. మీరు చెయ్యి ముంచబోతే ఆమె ఆపుతుంది. "తొందరపడమాకయ్యా, తేరుకోనీ."

కాస్త అవతల లారీ చక్రాల గాడి, ఇసుక ఎత్తుకుపోయిన గుంట. పక్కనే ఉన్నా అందులో ఊట లేదు, ఎండి పగిలిన బంకమట్టి ఉంది. వానకాలం నీటిని ఎండాకాలానికి దాచిపెట్టేది ఈ ఇసుకే. కొండమీది గుండు అరిగి అరిగి ఇక్కడికి చేరేసరికి రేణువవుతుంది. దాన్ని తవ్వుకుపోతే, ఏరు దాచిన నీళ్లూ పోతాయి.

సముద్రం ఇంకా ముందుంది, ఒంగోలు దాటాక. మీరు మాత్రం ఇక్కడే కాసేపు కూర్చోండి. చెలమ తేరుకుంది. అడుగున నాలుగు గులకరాళ్లు, వాటి మీద దోసెడు నీళ్లు.

గుండ్లూ ఉన్నాయి, గుండమూ ఉంది.